రాణి పోయినప్పుడు బ్రిటన్‌లో మామూలు జనం ఏం చేశారు: తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో ఉంటున్న పాపానికి, 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి పోయినప్పటి నుంచి నన్ను అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అత్తయ్య అడిగింది. ఆఫీసులో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడు అడిగాడు. మొన్న ఒక పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దాయన సాంబారు కలుపుకుంటూ అడిగారు: “ఏమ్మా, నిజంగానే రాత్రంతా లైన్లో నిలబడ్డారా? ఎవరన్నా తోలుకొచ్చారా?” అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. రాజకుటుంబం జరిపిన తంతు టీవీలో అందరూ చూసిందే. ఇక్కడ ఉన్నది వీధిలో జనం సంగతి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వార్త తెలిసిన రోజు

ఎలిజబెత్ రాణి చనిపోయిన సంగతి జనానికి ఎలా తెలిసింది?

2022 సెప్టెంబరు 8 మధ్యాహ్నం పన్నెండున్నరకి, రాణి ఆరోగ్యం గురించి డాక్టర్లు ఆందోళనగా ఉన్నారని ప్యాలెస్ నుంచి చిన్న ప్రకటన వచ్చింది. ఆ ఇంట్లో ఆరోగ్యం గురించి నోరు విప్పడమే అరుదు కాబట్టి చాలామందికి అప్పుడే అర్థమైపోయింది. సాయంత్రం 6.30కి, అంటే మన ఊళ్లలో రాత్రి 11 గంటలకి, స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ కోటలో చనిపోయారని ప్రకటించారు. వయసు 96. మరణ ధ్రువపత్రంలో సమయం మధ్యాహ్నం 3.10 అనీ, కారణం వృద్ధాప్యం అనీ ఉంది. కాసేపటికి బస్టాపుల్లో ప్రకటనల తెరల మీద కూడా ఆమె ఫొటోయే కనిపించింది.

జనం వెంటనే ప్యాలెస్ గేటు దగ్గరికి పరుగెత్తారు కదా, అక్కడ చేసేదేముంది?

ఏమీ లేదు. ఆమె ఉన్నది లండన్‌లోనే కాదు. పైగా వాన. గొడుగులు పట్టుకుని వచ్చి, బకింగ్‌హామ్ ప్యాలెస్ ఊచలకి తగిలించిన చిన్న నోటీసు చదివి, కాసేపు నిలబడి వెళ్లారు. ఫోన్లో చదివేసిన వార్తే అది, అయినా ఆ కాగితం దగ్గరికి వెళ్లి చదవాలనిపించింది. కొందరు జాతీయగీతం పాడారు. నల్ల ట్యాక్సీలు నడిపేవాళ్లు డజన్ల కొద్దీ బళ్లు తెచ్చి ప్యాలెస్ ముందున్న ‘మాల్’ రోడ్డు పక్కన వరసగా ఆపారు. వాళ్లకి ఆ పని ఎవరూ చెప్పలేదు. మన ఊళ్లో ఎవరైనా పోతే షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో గంటసేపు మాటా పలుకూ లేకుండా కూర్చుని వస్తాం చూడండి, అలాంటిదే.

పదిరోజులూ దేశం మొత్తం మూతపడిందా?

లేదు. అంత్యక్రియల దాకా జాతీయ సంతాప దినాలు ప్రకటించారు గానీ, షాపులు మూయాలనీ కార్యక్రమాలు ఆపాలనీ నిబంధన ఏమీ లేదని ప్రభుత్వమే చెప్పింది. ఆ ‘మీ ఇష్టం’ అన్న మాటతోనే అసలు టెన్షన్ మొదలైంది. ఎంత చేస్తే గౌరవం, ఎంత చేస్తే అతి అన్నది ఎవరికీ తెలియలేదు. ఆ శని, ఆదివారాలు ఫుట్‌బాల్ మొత్తం ఆపేశారు, పిల్లల మ్యాచ్‌లతో సహా. “పిల్లలు ఆడుకుంటే రాణికి అవమానమా?” అని తల్లిదండ్రులు విసుక్కున్నారు. క్రికెట్ వాళ్లు మాత్రం ఓవల్ టెస్టుని శుక్రవారం ఒక్కరోజు ఆపి శనివారం మొదలుపెట్టారు. ఆటకి ముందు మౌనం పాటించి, కొత్త రాజు (ఆమె కొడుకు చార్లెస్) కోసం జాతీయగీతం పాడారు. నాకైతే అదే సరైన పద్ధతి అనిపించింది. రైల్వే, పోస్టు ఉద్యోగులు సమ్మెలు వాయిదా వేసుకున్నారు. ఒక సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ల ‘బీప్’ శబ్దం తగ్గించింది. ఒక నగర కౌన్సిల్ అయితే సంతాపసూచకంగా సైకిల్ స్టాండు మూసేసి నవ్వులపాలైంది.

అందరూ నల్లబట్టలు వేసుకోవాలా?

అక్కర్లేదు. టీవీ యాంకర్లు, అధికారులు నలుపు వేసుకున్నారు. మామూలు జనం మామూలు బట్టల్లోనే తిరిగారు. అంతగా పట్టింపు ఉన్నవాళ్లు ముదురు రంగు కోటు వేసుకున్నారు. పాతకాలం వేరు. 1952లో ఆమె తండ్రి ఆరో జార్జి పోయినప్పుడు ఆ రోజు సినిమాహాళ్లు, నాటకశాలలు మూసేశారు, చాలామంది చేతికి నల్లపట్టీ కట్టుకుని తిరిగారు. 1910లో ఏడో ఎడ్వర్డ్ పోయి నెల దాటిన కొద్దిరోజులకే ఆస్కాట్ గుర్రప్పందాలు వచ్చాయి. వాటిని మానలేదు గానీ వచ్చినవాళ్లంతా తల నుంచి కాలి దాకా నలుపులో వచ్చారు. దాన్ని ఇప్పటికీ ‘బ్లాక్ ఆస్కాట్’ అంటారు.

రాచరికం అంటే పడనివాళ్లు ఏం చేశారు?

చాలామంది టీవీ కట్టేసి తమ పని తాము చూసుకున్నారు, వాళ్లనెవరూ ఏమీ అనలేదు. బయటికొచ్చి నోరెత్తినవాళ్లకే ఇబ్బంది. ఆక్స్‌ఫర్డ్‌లో కొత్త రాజు ప్రకటన చదువుతుంటే “ఆయన్ని ఎవరు ఎన్నుకున్నారు?” అని అరిచిన ఒకాయన్ని పోలీసులు పట్టుకుని, తర్వాత వదిలేశారు. పార్లమెంటు ముందు తెల్లకాగితం పట్టుకుని నిలబడ్డ ఒక లాయర్ వివరాలు అడిగారు. అందులో ఇంకా ఏమీ రాయలేదు, రాస్తే ఏం రాస్తాడోనని. దాని మీద గోల అయ్యాక, నిరసన తెలిపే హక్కు జనానికి ఉందని లండన్ పోలీసులు ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

## పూలు, సంతకాలు

పూలదండలు వేశారా? ఎక్కడ పెట్టారు?

దండల అలవాటు ఇక్కడ లేదు. పూలగుత్తి తెచ్చి నేలమీద పెట్టడమే. మొదట ప్యాలెస్ గేటు దగ్గర పెట్టారు, తర్వాత వాటిని పక్కనే ఉన్న గ్రీన్ పార్కుకి మార్చారు. అక్కడ చెట్ల చుట్టూ, గడ్డి మీద వంకర వరసలుగా పూలు, మధ్యలో మనుషులు నడిచేంత దారి. ప్లాస్టిక్ కవరు తీసి పెట్టమని పార్కు వాళ్లు బోర్డులు పెట్టారు. దాంతో గుత్తిలోపల ఉన్న చిన్న కార్డు తడిసిపోకుండా ఎలా ఉంచాలా అని జనం తంటాలు. కొందరు కార్డుని చెట్టుకి కట్టారు. పిల్లల క్రేయాన్ బొమ్మల్లో రాణి గుర్తుపట్టేది కిరీటంతోనూ, పక్కన కుక్కతోనూ. కొవ్వొత్తులు వెలిగించనివ్వలేదు.

ఎలుగుబంటి బొమ్మలూ శాండ్‌విచ్‌లూ పెట్టారట, అదేం ఆచారం?

ఆచారం కాదు, మూడు నెలల కిందటి జోకు. 2022 జూన్‌లో, రాణి గద్దెనెక్కి 70 ఏళ్లు నిండిన పండగలో, పిల్లల కథల్లోని పాడింగ్టన్ ఎలుగుబంటితో కలిసి రాణి టీ తాగుతున్నట్టు ఒక చిన్న వీడియో వేశారు. మార్మలేడ్ శాండ్‌విచ్ తన హ్యాండ్‌బ్యాగులో కూడా ఉందని ఆమె తీసి చూపిస్తుంది. మార్మలేడ్ అంటే నారింజ తొక్కల జామ్. ఆమె పోయాక జనానికి అదే గుర్తొచ్చి పూల మధ్యలో ఆ బొమ్మలూ, కవర్లో చుట్టిన శాండ్‌విచ్‌లూ పెట్టడం మొదలుపెట్టారు. చివరికి “దయచేసి శాండ్‌విచ్‌లు వద్దు” అని పార్కు వాళ్లు చెప్పాల్సి వచ్చింది. వెయ్యికి పైగా పోగైన బొమ్మల్ని శుభ్రం చేయించి పిల్లల కోసం పనిచేసే ఒక సేవాసంస్థకి ఇచ్చారు.

ఆ పూలన్నీ తర్వాత ఏం చేశారు?

ఎరువు చేశారు. అంత్యక్రియలయ్యాక వారానికి తీయడం మొదలుపెట్టి, మిగిలిన కవర్లూ కార్డులూ వేరుచేసి, వాడినవాటిని కుళ్లబెట్టి పార్కుల మొక్కలకే వేశారు.

సంతాప పుస్తకంలో సంతకం పెట్టడం అంటే ఏమిటి?

ఊరి కౌన్సిల్ ఆఫీసులోనో, లైబ్రరీలోనో, చర్చిలోనో బల్ల మీద ఒక తెల్ల పుస్తకం, పెన్ను, పక్కన ఫొటో ఉంచుతారు. వెళ్లి రెండు ముక్కలు రాసి పేరు పెట్టి వస్తారు. ప్యాలెస్‌లో ఈసారి పుస్తకం పెట్టలేదు, వాళ్ల వెబ్‌సైటులో రాయమన్నారు.

తేనెటీగలకి కూడా కబురు చెప్పారని విన్నాను, కోతలా?

కోతలు కాదు. ఇంటి యజమాని పోతే తేనెపట్టుకి చెప్పాలి, చెప్పకపోతే ఈగలు అలిగి వెళ్లిపోతాయి లేదా చచ్చిపోతాయి అని ఇంగ్లండు పల్లెల్లో పాత నమ్మకం. రాజుగారి తేనెటీగల్ని చూసుకునే ముసలాయన ప్యాలెస్‌లోని పెట్టెలకి నల్ల రిబ్బను కట్టి, మెల్లగా తట్టి, అమ్మగారు పోయారు, ఇకనుంచి మీ యజమాని ఈయన అని చెప్పాడు. ఈ పదకొండు రోజుల్లో జరిగిన వాటిలో నాకు మరీ నచ్చింది ఇదే.

## శవపేటిక వచ్చిన దారిలో

బాల్మోరల్ నుంచి తీసుకొస్తుంటే జనం ఎలా సాగనంపారు?

సెప్టెంబరు 11న ఎడిన్‌బరోకి కారులో ఆరుగంటల ప్రయాణం. మొదటి ఊరు బాలాటర్. ఎలిజబెత్ వేసవులన్నీ ఆ పక్కనే గడిపారు, అక్కడి దుకాణాల వాళ్లకి ఆమె ఎప్పుడూ కనిపించే పొరుగుమనిషి. రోడ్డుకి రెండువైపులా నిలబడ్డారు, ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత పొలాల దారిలో రైతులు ట్రాక్టర్లని గట్టు వెంబడి వరసగా నిలిపారు, దండం పెడుతున్నట్టు. ఎడిన్‌బరోలో సెయింట్ జైల్స్ చర్చిలో ఉంచిన ఒక్కరోజులో 33 వేల మంది చూసివెళ్లారు.

13వ తేదీ రాత్రి లండన్‌లో దిగింది. మళ్లీ వాన. ఎయిర్‌బేస్ నుంచి వచ్చే హైవే మీద ఎదురు లైన్లో వెళ్తున్న కార్లు వాటంతటవే ఆగిపోయాయి. జనం దిగి, డివైడర్ దగ్గర తడుస్తూ నిలబడ్డారు. శవపేటిక కనిపించాలని ఆ బండికి పెద్ద పెద్ద అద్దాలూ లోపల లైట్లూ పెట్టారు. చీకట్లో వెలుగుతూ వెళ్లిన ఆ ఒక్క బండి చాలామందికి అంత్యక్రియల కంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

## క్యూ

క్యూ ఎంత పొడవు? ఎంతసేపు నిలబడ్డారు?

జనం చూసి వెళ్లడానికి శవపేటికని పార్లమెంటు ఆవరణలోని వెస్ట్‌మినిస్టర్ హాలులో పెట్టి, సెప్టెంబరు 14 సాయంత్రం 5 నుంచి 19 ఉదయం 6.30 దాకా రాత్రీ పగలూ తెరిచి ఉంచారు. థేమ్స్ నది దక్షిణపు ఒడ్డు వెంట సదర్క్ పార్కు దాకా దాదాపు 10 మైళ్లకి, అంటే 16 కిలోమీటర్లకి, క్యూ ఏర్పాట్లు చేశారు. శుక్రవారానికి అదీ నిండిపోతే కొత్తవాళ్లని రావద్దని కాసేపు ఆపేశారు. ఒక దశలో 24 గంటలు పడుతుందన్నారు. రాత్రిళ్లు బాగా చలి. దుప్పట్లు కప్పుకుని మరీ నడిచారు. మొత్తం దాదాపు రెండున్నర లక్షల మంది. క్యూ చివర ఎక్కడుందో చూపడానికి ప్రభుత్వం యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది. క్యూని చూడ్డానికి కూడా లక్షల మంది ఉన్నారు.

టోకెన్ ఇచ్చారా, తిరుమలలో లాగా?

ఇంచుమించు అంతే. చేతికి నంబరున్న రంగు పట్టీ వేశారు. అది ఉంటే టాయిలెట్‌కో టీకో వెళ్లొచ్చి మళ్లీ మన చోట్లో దూరొచ్చు. వేరేవాళ్లకి ఇవ్వడానికి లేదు. కంపార్ట్‌మెంట్లు లేవు, కూర్చోడానికీ లేదు, లైను కదులుతూనే ఉంటుంది. దారిలో 500కి పైగా టాయిలెట్లు, మంచినీళ్లు, ఫస్ట్ ఎయిడ్, స్కౌట్ పిల్లల సాయం, మాట్లాడించడానికి చర్చి ఫాదర్లు. చివర్లో ఎయిర్‌పోర్టు లాంటి తనిఖీ, ఒక చిన్న బ్యాగు మాత్రమే. తినేవన్నీ అక్కడ వదిలేయాల్సిందే. విప్పని ప్యాకెట్లని ఒక సేవాసంస్థ పోగుచేసి లేనివాళ్లకి పంచింది. పని అయ్యాక కొందరు ఆ పట్టీల్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు! సైటు వాళ్లు తీసేశారు.

వీఐపీ బ్రేక్ దర్శనం ఉందా?

ఉంది, లేకుండా ఎక్కడుంటుంది? ఎంపీలు నలుగురు అతిథుల్ని వెంటబెట్టుకుని క్యూ లేకుండా వెళ్లొచ్చన్నారు. దానికి తిట్లు తిన్నారు. ఇద్దరు టీవీ యాంకర్లు పక్కదారిన వెళ్లారని వాళ్ల మీద సంతకాల ఉద్యమమే నడిచింది. డేవిడ్ బెక్‌హామ్ మాత్రం టోపీ పెట్టుకుని 12 గంటలకి పైగా అందరితో పాటు నిలబడ్డాడు. అతను ఫుట్‌బాల్‌లో సంపాదించుకున్న పేరు కంటే ఆ ఒక్కరోజు సంపాదించుకున్నదే ఎక్కువని మా పక్కింటావిడ ఇప్పటికీ అంటుంది. వికలాంగులకీ వృద్ధులకీ వేరే క్యూ ఉండేది, దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

కడసారి చూపు అంటే ముఖం చూపించారా?

లేదు. మనవాళ్లు నమ్మలేనిది ఇదే. ఓక్ చెక్క పేటిక, లోపల సీసపు రేకు, మూత వేసేసి ఉంది. పైన రాజపతాకం, దాని మీద కిరీటం, గోళం, రాజదండం. 12 గంటలు నిలబడ్డ మనిషి చూసింది జెండా కప్పిన ఒక పెట్టెని.

లోపల ఏం చేయాలి? ఎంతసేపు ఉండనిస్తారు?

చేయాల్సింది ఇదీ అని ఏమీ లేదు. ఒకరు తల వంచారు, ఒకరు మోకాళ్లు కొద్దిగా వంచారు, మాజీ సైనికులు సెల్యూట్ చేశారు, మనవాళ్లు చేతులు జోడించారు. కొందరు ఏం చేయాలో తోచక ఒక్కక్షణం ఆగి కదిలిపోయారు. ఫోన్ వాడకూడదు, ఫొటో తీయకూడదు. ‘జరగండి జరగండి’ అని భుజం పట్టుకుని నెట్టేవాళ్లు లేరు, అయినా ఎవరూ నాలుగైదు క్షణాలకి మించి నిలబడలేదు. అంత నిశ్శబ్దంలో వినిపించేది రాతి నేల మీద టక్కుమనే చప్పుడు ఒక్కటే. 20 నిమిషాలకోసారి కాపలా సైనికులు మారడానికి అది సైగ. చాలామంది తలుపు దగ్గర వెనక్కి తిరిగి ఇంకోసారి చూసి అప్పుడు బయటికి వెళ్లారు.

అసలు ఎందుకు నిలబడ్డారు? అంత ప్రేమా?

ప్రేమ ఉన్నవాళ్లు ఉన్నారు. కానీ అడిగితే సగం మంది రాణి గురించి కాకుండా ఇంకెవరి గురించో చెప్పారు. “మా అమ్మ ఉంటే వచ్చేది”, “మా నాన్న ఆమె సైన్యంలో చేశాడు.” కోవిడ్ కాలంలో అయినవాళ్లని ఆసుపత్రిలో పోగొట్టుకుని, అంత్యక్రియలకి పదిమంది కూడా వెళ్లలేకపోయిన దేశం ఇది. 2021లో భర్త ఫిలిప్ అంత్యక్రియల్లో రాణి కూడా మాస్కు పెట్టుకుని ఒక్కతే కూర్చుంది, ఆ ఫొటో అందరికీ గుర్తుంది. అప్పుడు చేయలేకపోయినది ఇప్పుడు చేస్తున్నట్టు నిలబడ్డారని నా లెక్క. ఊరికే వినోదానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. 10 గంటలు పక్కపక్కన నడిచి, బిస్కెట్లు పంచుకుని, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని వెళ్లారు.

ఇలా క్యూ కట్టడం ఎప్పటినుంచి ఉంది?

రాజుగారి పేటికని వెస్ట్‌మినిస్టర్ హాలులో జనం కోసం ఉంచడం 1910లో ఏడో ఎడ్వర్డ్‌తో మొదలైంది.  1936లో అయిదో జార్జికి దాదాపు 8 లక్షల మంది వచ్చారు, 1952లో ఆరో జార్జికి 3 లక్షలకి పైగా. వేల ఏళ్ల సంప్రదాయంలా కనిపిస్తుంది గానీ వయసు వందేళ్లు దాటింది అంతే.

## అంత్యక్రియల రోజు, ఆ తర్వాత

సెలవు ఇచ్చారా?

సెప్టెంబరు 19 సోమవారం బ్యాంకు హాలిడే, అంటే బ్యాంకులకే కాదు, దేశమంతటికీ ప్రభుత్వ సెలవు. స్కూళ్లు, పెద్ద సూపర్‌మార్కెట్లు మూసేశారు. ప్రైవేటు కంపెనీలు సెలవు ఇచ్చి తీరాలనేం లేదు. ఆసుపత్రుల్లో కొన్ని అపాయింట్‌మెంట్లు వాయిదా పడ్డాయి, నెలల తరబడి ఎదురుచూసినవాళ్లకి కడుపు మండింది. సినిమాహాళ్లలో, పార్కుల్లో తెరల మీద అంత్యక్రియలు ఉచితంగా చూపించారు.

మౌనం ఎప్పుడు పాటించారు?

ముందురోజు రాత్రి 8కి ఒక నిమిషం, అంత్యక్రియల ప్రార్థన చివర్లో రెండు నిమిషాలు. శబ్దం రాకుండా హీత్రూలో విమానాల సమయాలు మార్చారు.

శవయాత్రలో చప్పట్లు కొట్టడమేంటి?

మనకి వింతే. 1997లో డయానా అంత్యక్రియల నుంచి ఇక్కడ ఈ అలవాటు బాగా కనిపిస్తోంది. లండన్ మధ్యలో జనం నిశ్శబ్దంగా నిలబడ్డారు. బండి ఆమెని సమాధి చేసే విండ్సర్ కోట వైపు తిరిగాక మామూలు ఇళ్ల వీధుల్లో చప్పట్లు కొట్టారు, పూలు విసిరారు. పూలు బానెట్ మీదా పైకప్పు మీదా పడి అలాగే విండ్సర్ దాకా వెళ్లాయి. నాటకం బాగా ముగిసినప్పుడు కొట్టే చప్పట్లు అవి. మన శవయాత్రల్లో డప్పు వాయించి, పూలూ చిల్లరా చల్లుతాం. వాళ్లకీ అది వింతగానే ఉంటుంది కదా.

ఇంత ఖర్చు ఎవరిది?

జనం పన్నులది. అంత్యక్రియలకీ సంతాప కార్యక్రమాలకీ ప్రభుత్వానికి అయింది దాదాపు 16 కోట్ల 20 లక్షల పౌండ్లు, అందులో అన్నిటికంటే పెద్ద వాటా పోలీసుల్ని చూసుకునే హోం శాఖది. ఆ చలికాలం కరెంటు బిల్లులు మండిపోతున్నాయి. ఆ లెక్క చూసి ముఖం చిట్లించినవాళ్లలో క్యూలో నిలబడ్డవాళ్లూ ఉన్నారు.

రాణి బొమ్మ ఉన్న నోట్లు, నాణేలు చెల్లుతాయా?

చెల్లుతాయి. రాజు బొమ్మ నోట్లు 2024 జూన్‌లో వచ్చాయి, రెండూ కలిసే తిరుగుతున్నాయి. కొందరు పెద్దవాళ్లు రాణి నాణేలు ఏరి డబ్బాలో దాచుకుంటున్నారు. మన దగ్గర 8 గ్రాముల కాసు లెక్కన బంగారం కొనేవాళ్లకి చెప్పాలా, బ్రిటిష్ సావరిన్ నాణెం బరువూ దాదాపు అంతే, దాని మీదా రాజుల తలలే.

## మనవాళ్ల సంగతి

మన దేశంలో ఏం చేశారు?

2022 సెప్టెంబరు 11న ఒక్కరోజు సంతాప దినం. జెండాలు సగానికి దించారు, ప్రభుత్వ వినోద కార్యక్రమాలు లేవు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము లండన్ వెళ్లి అంత్యక్రియలకి హాజరయ్యారు. దోచుకున్నవాళ్లకి సంతాపం ఏమిటని అడిగినవాళ్లూ తక్కువ లేరు, ఆ కోపానికి కారణాలున్నాయి.

ఆమెకి హైదరాబాదుతో ఏమైనా సంబంధం ఉందా?

1947లో పెళ్లికి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ వజ్రాల నెక్లెసు కానుకగా ఇచ్చాడు. నచ్చింది తననే ఎంచుకోమని నగల కంపెనీకి కబురు పంపాడట, ఎంతైనా నిజాం. 1983 నవంబరులో ఆమె హైదరాబాదు వచ్చి, 36వ పెళ్లిరోజు నాడు బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకి వెళ్లింది.

శవపేటిక మీద పెట్టిన కిరీటంలో మన కోహినూర్ ఉందా?

లేదు. ఆమె చనిపోయిన రాత్రి నుంచి వాట్సాప్‌లో తిరిగిన పోస్టులన్నీ ఇక్కడే పొరబడ్డాయి. ఆ పేటిక మీద ఉన్నది ఇంపీరియల్ స్టేట్ క్రౌన్. దాని ముందు భాగంలో మెరిసే పెద్ద రాయి దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ వజ్రంలో ఒక ముక్క. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనం చెప్పుకునే కోహినూర్ ఉన్నది ఆమె తల్లి కిరీటంలో. 2002లో ఆ తల్లి చనిపోయినప్పుడు ఆమె పేటిక మీద పెట్టింది ఆ కిరీటమే, అప్పుడు క్యూలో వచ్చిన జనం దాన్ని చూశారు. ఇప్పుడది టవర్ ఆఫ్ లండన్‌లో అద్దాల వెనక ఉంటుంది, టికెట్ కొని వెళ్లాలి. నగల ముందు నేల మీద కదిలే బెల్టు ఉంటుంది. దాని మీద నిలబడితే అదే ముందుకి లాక్కెళ్తుంది. సరిగ్గా కనపడలేదనిపిస్తే చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ ఎక్కండి, ఎవరూ ఏమీ అనరు. మా అమ్మ మూడుసార్లు ఎక్కింది.